సోఫియా గదిలో బేత్లెహేము పిల్ల

ఫిబ్రవరి 2, 2021. మంగళవారం

నిన్న పొద్దున్నుంచి ఫోన్లు సరిగా పనిచేయడం లేదు గనుక పుస్తకంలో రాస్తున్నాను. ఫోన్ ఉంటే మలేషియాలో ఉన్న చెల్లి సోఫియాకి పెద్ద మెసేజీ పెట్టి, అది చూడలేదని తిట్టుకుని పడుకునేదాన్ని. ఈ పుస్తకం మా తెలుగువాడు బాబ్జీ ఎప్పుడో ఇచ్చాడు. మొదటి నాలుగు పేజీల్లో అతని టాక్సీకి ఆయిలు మార్పించిన తేదీలున్నాయి. చింపలేదు.

సైన్యం మళ్ళీ బర్మా దేశాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఎనభై ఎనిమిదిలో కాల్పులప్పుడు నాకు ఐదేళ్ళు, అమ్మ నన్ను మంచం కింద దాచింది. నిన్న పొద్దున్న ఆ మంచం కింద ఇప్పుడు అమ్మ పడుతుందా అని చూశాను. పట్టదు.

మేమిద్దరం అలా బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటే, సోఫియా గదిలోంచి నిస్రీన్ జుట్టు విరబోసుకుని వచ్చింది. సిగ్నల్ లేని ఫోన్ చూసుకుంది. కిటికీలోంచి సంచౌంగ్ వీధి చివర ఆగిన మిలటరీ ట్రక్కు చూసింది. చూసి నవ్వింది.

"మా మార్గరెట్, ఇంట్లో బక్కెట్లు ఎన్ని ఉన్నాయి?"

గంటలో ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలోనూ నీళ్ళు. కొవ్వొత్తులు ఒక చోట, మందులు ఒక చోట. పిండి కలిపి పెనం మీద రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టింది. "కర్ఫ్యూలో నాకు డిగ్రీ ఉంది," అంది. పదకొండు నెలలుగా మా ఇంట్లో ఊరికే ఉన్నానని బాధపడే పిల్లకి ఒక్కసారిగా ఉద్యోగం దొరికినట్టుంది.

నిస్రీన్ కవి. రాసి పుస్తకం వేసే కవి కాదు, జనం ముందు నిలబడి నోటితో చెప్పే కవి. నిరుడు మార్చిలో ఇక్కడి కుర్రాళ్ళు కవితల సభ పెట్టి పిలిస్తే పది రోజులకని వచ్చింది. నాలుగో రోజున కరోనా అని విమానాశ్రయం మూసేశారు. పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. వీసా అయిపోయింది. ఒక నెల కోసం సోఫియా గది ఇచ్చాం.

పాలస్తీనా నుంచి వచ్చిన ముస్లిం పిల్ల అంటే అమ్మ మొదట మొహం ముడుచుకుంది. ఏ ఊరు అని అడగమంది. అడిగాను. చెప్పింది. అంతే, అమ్మ కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

"బేత్లెహేమా? ఓలమ్మ, మన ఇంటికి బేత్లెహేము నుంచి మనిషొచ్చిందేటే? ఆ పశువుల పాక అలగే ఉందేటో అడుగు."

అక్కడ పెద్ద చర్చి ఉందని, తమ శరణార్థి శిబిరం అక్కడికి కొంచెం దూరమని, తమ ఇంటి పక్కన టైర్ల కొట్టు, దాని వెనక గోడ ఉన్నాయని నిస్రీన్ చెప్పింది. అమ్మ టైర్ల కొట్టు సంగతి వినలేదు. పేరు కూడా వినలేదు. ఆ రోజు నుంచి "నజరేతూ" అని పిలుస్తుంది. బేత్లెహేము పిల్లకి నజరేతు అని పేరు. నిస్రీన్ పలుకుతుంది.

ఫిబ్రవరి 3

రాత్రి ఎనిమిదింటికి వీధి వీధంతా గిన్నెలు కొట్టింది. దయ్యాన్ని వెళ్ళగొట్టడానికి ఇక్కడ అలా కొడతారు. క్రైస్తవులం మనం కొట్టొచ్చా అని అమ్మ ఐదు నిమిషాలు ఆలోచించింది. తరవాత క్రిస్మస్‌కి పులావు వండే డేగిశా తీసింది. సొట్ట పడింది. అమ్మకి డెబ్బై ఒకటి.

ఫిబ్రవరి 8

మ్యేనిగోన్ కూడలికి వెళ్ళాను. కూరలకనే వెళ్ళాను. కూరగాయలు కొనలేదు.

అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. నినాదం ముందునుంచి వెనక్కి వచ్చేసరికి చచ్చిపోతోంది. వెనకవాళ్ళకి ఏం అనాలో తెలియడం లేదు. నేను ఊరికే అందుకున్నాను. పదమూడేళ్ళు బస్సు కండక్టరుగా అరిచిన గొంతు. నాలుగేళ్ళ క్రితం కండక్టర్లని తీసేసి బస్సుల్లో డబ్బు వేసే డబ్బాలు పెట్టాక మూలపడింది. ఇంట్లో రవికలు కుట్టుకుంటూ కూర్చుంటే గొంతుతో పనేముంది. ఇవాళ నోరు తెరవగానే ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఒక కుర్రాడు తన మైకు నాకివ్వబోయి, అక్కర్లేదని మానుకున్నాడు.

ఇంటికొస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు. సిగ్గుగా కూడా ఉంది. దేశానికి ఇంత కష్టమొస్తే నాకింత సంతోషం ఏమిటి?

నిస్రీన్‌ని అడిగాను. "ఆ సంతోషం మొదటి నెల ఉంటుంది. దాచిపెట్టుకో. తరవాత పనికొస్తుంది," అంది.

బాబ్జీ వచ్చాడు. నీళ్ళ మోటారు చూడ్డానికి. రాయాల్సినంత విషయం కాదు.

ఫిబ్రవరి 10

ఈ వేళంతా నిస్రీన్ కథ చెప్పించుకున్నాను. పదకొండు నెలల్లో నేను అడగలేదు. ఇంటికొచ్చినవాళ్ళని అడుగుతామా.

పదిహేనేళ్ళప్పుడు చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడి మొదటి కవిత చెప్పిందట. "మూడు గంటల వరస. వినేవాళ్ళు లేచి వెళ్ళిపోలేరు. అంతకన్నా మంచి సభ ఎక్కడ దొరుకుతుంది?" తరవాత బళ్ళలో, పెళ్ళిళ్ళలో, చావులప్పుడు చెప్పింది. శిబిరంలో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి ఎవరి మాట వాళ్ళు చెప్పడం నేర్పింది. ఒక కవిత ఫోన్‌లో పెట్టినందుకు ఐదు నెలలు లోపల ఉంది.

"కవితలో 'ఆమె' అన్నావు, ఎవరామె అని అడిగారు. మా అమ్మమ్మ అన్నాను. పిలిపించు అన్నారు. చనిపోయి పదిహేనేళ్ళయింది అన్నాను. నమ్మలేదు. ఒక రోజంతా మా అమ్మమ్మ కోసం వెతికారు, మా మార్గరెట్. బతికుంటే ఎంత సంబరపడేదో."

నేను నవ్వలేక చచ్చాను. నవ్వొచ్చిన చోటే కొంచెం ఏడుపు కూడా వచ్చింది, కానీ ఎక్కువ నవ్వే.

తను నన్ను 'మా మార్గరెట్' అంటుంది. బర్మాలో ఆడవాళ్ళని పిలిచే 'మా' అది, అందరినీ అంటారు. కానీ తెలుగు చెవికి వేరేగా వినిపిస్తుంది. ఈ సంగతి తనకి చెప్పలేదు.

ఆ కవిత చెప్పమన్నాను. మొదట అరబ్బీలో చెప్పింది, తరవాత ఇంగ్లీషులో అర్థం. నలభై ఎనిమిదిలో అమ్మమ్మ ఊరు ఖాళీ అయింది, ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఆ ఊరి నుంచి రోజూ పొద్దున్న యెరూషలేముకి ఒక బస్సు ఉండేదట. చివరి రోజుల్లో అమ్మమ్మ చేతిసంచి పట్టుకుని శిబిరం గుమ్మంలో కూర్చుని బస్సు వెళ్ళిపోయిందా అని దారినపోయేవాళ్ళని అడిగేది. ఏడేళ్ళ నిస్రీన్ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, తను కండక్టరై, ఊళ్ళో ఇప్పుడు లేని చోట్లన్నీ ఒక్కొక్కటే కేకవేసి దింపేది. బావి. బడి. అంజూరపు చెట్టు. నూనె గానుగ.

"నువ్వు కండక్టరువా?" అన్నాను.

"నీకంటే ముందే," అంది.

ఫిబ్రవరి 12

ఆ బస్సు కవిత బర్మీస్‌లో చెప్పి చూశాను. ఇంగ్లీషు మాట వెంట మాట పెడితే రాలేదు. అన్నీ వదిలేసి మా బస్సులో ఎలా అరిచేదాన్నో అలా అరిచాను. ఇక్కడ స్టాపు వచ్చేముందు కండక్టరు ఆ చోటు పేరు చెప్పి "పాలా?" అంటాడు, దిగేవాళ్ళున్నారా అని. ఉన్నవాళ్ళు "పాదే" అంటారు.

"బావి దగ్గర, పాలా?"

వంటింట్లోంచి అమ్మ, తనకే తెలియకుండా, "పాదే," అంది.

నిస్రీన్ లేచి గదిలో ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. నన్ను మళ్ళీ అనమంది. పదహారు సార్లు అన్నాను. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టారు, ఆపమని అనుకున్నాం. పదిహేడోసారి అని ఆగితే గోడ అవతల్నుంచి "పాదే" వినబడింది.

ఫిబ్రవరి 14. ఆదివారం

ఇంట్లో రాత్రి ఉండే అతిథి ఎవరైనా సరే వార్డు ఆఫీసులో చెప్పాలట, చెప్పకపోతే జైలు. నిస్రీన్‌కి వీసా లేదు. చెప్పడమూ కుదరదు, చెప్పకపోవడమూ కుదరదు. నిస్రీన్ తన బట్టలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

అమ్మ ఆ సంచి లాక్కుంది. "ఇంటి జాబితాలో సోఫియా పేరుందిగా. తీయించలేదుగా. ఇదే సోఫియా. ఎవడొచ్చి అడుగుతాడో నాను సూత్తాను."

నిజమే. జాబితాలో ముగ్గురం: అచ్చమ్మ, మార్గరెట్, సోఫియా. చెల్లెలు వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. ఫోన్ చేసి మూడేళ్ళు. కానీ కాగితం మీద ఇక్కడే ఉంది.

ఫిబ్రవరి 16

తెలుగు పాఠాలు. అమ్మ టీచరు. కొబ్బరినూనె రాసి బిగించి జడ వేసింది. ఇక్కడ ఆడవాళ్ళం కట్టుకునే లుంగీ, రవిక, రెండూ నా పాతవే. అద్దంలో చూసుకుని నిస్రీన్ "అచ్చం మా మేనత్త," అంది.

'ఏటి' అన్న మాట నిస్రీన్‌కి తెగ నచ్చింది. ఒక్క మాటతో ఎంత పని జరుగుతుందో చూసి ఆశ్చర్యపోయింది. కోపంగా ఏటి, ముద్దుగా ఏటి, వినబడక ఏటి, నమ్మక ఏటి. ఈ ఒక్క మాట మీద కవిత్వం చెప్పొచ్చంది. రెండో పాఠం: "అన్నం తిన్నావేటి?" మూడో పాఠం: "కాళ్ళు నొప్పులు." అమ్మ దృష్టిలో తెలుగు భాష అంతే.

ఫిబ్రవరి 17

అమ్మ నీళ్ళు పట్టించిన బక్కెట్లో నిస్రీన్ ఫోన్ పడి చచ్చిపోయింది. వాళ్ళ దేశం పక్కన అమ్మాన్ నగరంలో ఉన్న స్నేహితురాలికి నా నంబరు ఇచ్చింది.

ఫిబ్రవరి 22. సోమవారం

చెప్పులు విప్పకుండానే రాస్తున్నాను.

దేశమంతా సమ్మె. బజారు లేదు, బ్యాంకు లేదు, అందరూ రోడ్డు మీదే. బాబ్జీ మమ్మల్ని కూడలి దాకా తీసుకొచ్చి, "నాను ఇక్కడే ఉంటాను, ఏటన్నా అయితే ఇటే పరిగెట్టు," అన్నాడు. నిస్రీన్ మాస్కు, టోపీ పెట్టుకుని ఫుట్‌పాత్ మీద కుట్టుపని ఫ్యాక్టరీ పిల్లల మధ్య కూర్చుంది. నేను ఒక అరటిపళ్ళ బండి ఎక్కాను. బండివాడే ఎక్కించాడు.

మొదట ఎవరూ వినలేదు. "ఒక ముసలావిడ బస్సు కోసం చూస్తోంది," అని మొదలుపెట్టాను. దగ్గరవాళ్ళు తిరిగారు. "ఆ ఊరు ఇప్పుడు లేదు. బస్సు మాత్రం వచ్చింది." ఇంకొంతమంది. "బావి దగ్గర, పాలా?"

ఎవరూ అనలేదు. అప్పుడు ఫుట్‌పాత్ మీద నుంచి, బర్మీస్ సరిగా పలకని ఒక గొంతు, "పాదే."

"బడి దగ్గర, పాలా?"

ఫ్యాక్టరీ పిల్లలంతా, "పాదే."

మూడోసారికి రోడ్డంతా అంది. యాంగూన్‌లో పుట్టినవాడెవడికైనా ఆ మాటకి జవాబు నోట్లోనే ఉంటుంది. చివర్లో కవితలో లేని చోట్లు కూడా జనమే అరవడం మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ బళ్ళు, మూసేసిన ఆఫీసులు. నేను "పాలా" అనడమే, వాళ్ళు "పాదే" అనడమే. ఎంతసేపో తెలియదు.

బండి దిగితే బాబ్జీ దగ్గరుండి నీళ్ళు తాగించాడు. సగం నీళ్ళు తన చొక్కా మీదే పోసుకున్నాడు. అది ఎండకి.

ఫిబ్రవరి 23

గొంతు పూర్తిగా పోయింది. అమ్మ మిరియాల కషాయం ఇచ్చింది. ఎవరో తీసిన వీడియో లక్షమంది చూశారట. నా వీపే కనబడుతోంది, దేవుడి దయ. వీపు బాగానే ఉంది.

ఫిబ్రవరి 24

ఇవాళ విశేషం ఏమీ లేదు. నా ఫోన్‌కి అమ్మాన్ నుంచి మెసేజీ వచ్చింది. మార్చి నాలుగున ఇక్కడ ఇరుక్కున్నవాళ్ళ కోసం ఒక విమానం ఉందట, నిస్రీన్‌కి సీటు దొరకొచ్చట, వీలైతే వెంటనే చెప్పమంది.

నిస్రీన్ నిద్రపోతోంది. లేచాక చెబుతాను.

ఫిబ్రవరి 25

నిస్రీన్ ఇవాళ ఎంత సరదాగా ఉందో. రెండో కవిత మొదలుపెట్టాం. సాయంత్రం చెబుదామనుకున్నాను. ఎనిమిదింటికి గిన్నెలు కొట్టడంలో పడి కుదరలేదు.

ఫిబ్రవరి 26

మెసేజీ మళ్ళీ చదివాను. "వీలైతే" అని ఉంది. వీలైతే అంటే తొందరేం లేదనే కదా. పైగా విమానాశ్రయానికి వెళ్ళే దారిలో సోదాలు. ఇంట్లో ఉండడమే భద్రం. ఆమె మంచికే ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 28. ఆదివారం

హ్లేడాన్ వైపు కాల్చారు. మనుషులు పోయారు. మా వీధిలోకి పొగ వచ్చింది.

నిస్రీన్ తడిగుడ్డలు ఇచ్చి మమ్మల్ని స్నానాల గదిలో కూర్చోబెట్టింది. ఇవాళ నవ్వలేదు.

ఇంకేమీ రాయను.

మార్చి 1

ఇంకో మెసేజీ. రేపటిలోగా జవాబివ్వకపోతే సీటు వేరేవాళ్ళకి ఇస్తారట.

నెట్ మందంగా ఉంది. జవాబు పెట్టినా వెళ్ళేది కాదు. ప్రయత్నించలేదు గానీ వెళ్ళేది కాదు.

మార్చి 4. గురువారం

మధ్యాహ్నం రెండు దాటాక ఒక విమానం వెళ్ళింది. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. అది ఏ విమానమో నాకెలా తెలుస్తుంది. నిస్రీన్ కింద అమ్మకి ఉల్లిపాయలు తరిగిపెడుతోంది, పాట వినబడుతోంది.

అన్నం సహించలేదు.

మార్చి 5. శుక్రవారం

వచ్చారు.

బుధవారం ప్రార్థన కూటంలో అమ్మ పాస్టరమ్మ చెవిలో చెప్పిందట, మా ఇంట్లో బేత్లెహేము పిల్ల ఉందని. పాస్టరమ్మ ఒక్కరికే చెప్పిందట. ఆ ఒక్కరు ఎవరికి చెప్పారో. సాయంత్రం నాలుగింటికి కొత్త వార్డు అధికారి మూడంతస్తులు ఎక్కి, రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. మెట్ల మీద ఇద్దరు సైనికులు.

జాబితా తీసుకుని ముగ్గురినీ లెక్కపెట్టాడు. నిస్రీన్ దగ్గర ఆగాడు.

"పేరు?"

"సోఫియా."

"కార్డు ఏది?"

లక్షమందికి వినబడిన గొంతు, పెదవి దాటలేదు. అమ్మే బర్మీస్‌లో అందుకుంది. "కార్డు పోయింది బాబూ. కొత్తదానికి ఆఫీసుకి వెళ్తే అక్కడ ఒక్కరూ లేరు. అందరూ సమ్మెలో ఉన్నారంట కదా. మీరైనా ఇప్పిస్తారా?"

అధికారి ముఖం ఎర్రబడింది. ఆ ఆఫీసులు నడవడం లేదని ఒప్పుకోవడం అతనికి ఇష్టం లేదు. "ఈమె మీ అమ్మాయే అయితే మీ భాషలో మాట్లాడమను," అన్నాడు. "నేను అహ్లోన్‌లో మీవాళ్ళ మధ్య పెరిగాను. నాకు తెలుస్తుంది."

నిస్రీన్ అమ్మ దగ్గరికి వెళ్ళి, అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగింది.

"ఏటమ్మా, అన్నం తిన్నావేటి?"

అమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది. నటన కాదు. ఎనిమిదేళ్ళుగా ఆ గదిలోంచి ఆ మాట ఎవరూ అడగలేదు. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానేటే నీకు? ఒక్క ఫోనేటి, ఒక్క ఉత్తరమేటి? నాను సచ్చానో బతికానో సూసావేటి? పెద్దది ఒక్కత్తే నన్ను సూసుకుంటంది, నీకు సిగ్గు నేదేటి?"

"ఏటి?" అంది నిస్రీన్, తల వంచుకుని.

"మల్లీ ఏటంటావేటి?"

"కాళ్ళు నొప్పులు," అంది నిస్రీన్.

అమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచి దగ్గరికి లాక్కుంది. అధికారి జాబితా మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇళ్ళల్లో ఇదే గోల," అని గొణుక్కుంటూ దిగిపోయాడు.

బూట్ల చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి ముగ్గురం నేలమీద పడి నవ్వాం. అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. అప్పుడు లెక్క తట్టింది. నిన్నటి విమానం ఎక్కి ఉంటే ఈపాటికి ఆమె దేశం దాటి ఉండేది. ఈ బూట్ల ముందు నేనే నిలబెట్టాను.

మార్చి 6

చెప్పాను. ఫోన్ ఆమె చేతిలో పెట్టి మెసేజీలు చూపించాను.

రెండుసార్లు చదివింది. "ఎన్ని రోజులు దాచావు?"

"పది."

"ఎందుకు?"

దారిలో సోదాలని చెప్పాను. నెట్ లేదన్నాను. ఆమె ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది. ఇక చెప్పక తప్పలేదు. "నువ్వు వెళ్ళిపోతే నేను మళ్ళీ రవికలు కుట్టుకునేదాన్ని అయిపోతాను."

ఆమె అరిచి ఉంటే బాగుండేది. "మా ఊళ్ళో నేను ఎప్పుడు వెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉంటారు," అంది. "వాళ్ళ చేతుల్లో తుపాకులుంటాయి, అర్థం చేసుకోగలను. నీ చేతిలో ఏముంది, మార్గరెట్?"

'మా' లేదు. వట్టి మార్గరెట్.

మార్చి 7

మాట్లాడలేదు. అమ్మతో మాట్లాడింది. నాతో లేదు.

నేనే అమ్మాన్‌కి జవాబు పెట్టాను. తప్పు నాదని, ఇంకో సీటు వెతకమని, బతిమాలుతూ. మందంగా ఉన్న నెట్‌లోనే వెళ్ళింది. ఒక్క నిమిషం పట్టలేదు.

మార్చి 8. సోమవారం

మా వీధిలో ఆడవాళ్ళంతా తమ లుంగీలు తాళ్ళకి కట్టి అడ్డంగా వేలాడదీశారు. వాటి కింద నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని ఇక్కడి నమ్మకం. సైనికులకి మరీ భయం. ట్రక్కు ఆపి, ఒక్కొక్కటీ కర్రతో తీసేదాకా లోపలికి రారు.

కింది అంతస్తులో ఉండే పెద్దావిడ దా ఖిన్ నిచ్చెన వేసింది. అమ్మ తన పాత లుంగీలు ఏడు ఇచ్చింది, అన్నిటికంటే వెడల్పైనది మధ్యలో కట్టమంది. ఇదంతా ఏమిటని నిస్రీన్ అడిగితే దా ఖిన్ చేతులతో, సైగలతో, ఏ సిగ్గూ లేకుండా వివరించింది. నిస్రీన్ నిచ్చెన పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. గోడలు, తుపాకులు, డ్రోన్లు ఉన్న సైన్యాల్ని చూసిందట గానీ, అమ్మ లుంగీకి ఆగిపోయే సైన్యాన్ని చూడలేదట.

నవ్వుతూ నవ్వుతూ నా వైపు చూసింది. నవ్వు ఆపలేదు. తరవాత గుర్తొచ్చి ఆపింది. కానీ నేను చూశాను.

మార్చి 9

సీటు దొరికింది. పన్నెండున. మెసేజీ వచ్చిన నిమిషంలో పరిగెత్తుకెళ్ళి చెప్పాను, స్నానాల గది తలుపు మీద కొట్టి మరీ. "సబ్బు కడుక్కోనిస్తావా?" అంది లోపల్నుంచి.

మార్చి 12. శుక్రవారం

వెళ్ళింది.

పొద్దున్నే నోటుబుక్కులు పొయ్యిలో వేసింది. దారిలో సోదా జరిగితే కాగితం ఒక్కటీ ఉండకూడదంది. కవితలన్నీ ఆమెకి నోటికి వచ్చు, నేను నేర్చుకున్నవి నా దగ్గరే ఉంటాయి. అమ్మ ఎండుచేపల పొట్లం ఇచ్చి, ఆ పాక దగ్గర తన పేరు చెప్పి దణ్ణం పెట్టమంది. టైర్ల కొట్టు దగ్గర కూడా చెబుతానంది నిస్రీన్.

బాబ్జీ టాక్సీ తెచ్చాడు. మూడు చోట్ల ఆపారు. మూడో చోట సైనికుడు పొట్లం వాసన చూసి వెనక్కిచ్చేశాడు. ఆ తరవాత విమానాశ్రయం దాకా అద్దంలో బాబ్జీ ముఖం చూస్తే నవ్వొస్తుందని చూడలేదు.

దిగాక నిస్రీన్ నా ఎదురుగా నిలబడింది. "నాకింకా కోపంగానే ఉంది," అంది.

"తెలుసు."

కోపంగానే గట్టిగా కావలించుకుంది. ఎముకలు నొప్పెట్టాయి. గాజు తలుపు అవతల ఒక అధికారి ఆమె కాగితాలు ఇటు తిప్పి, అటు తిప్పి, ఇంకొకడిని పిలిచి, ఇద్దరూ కలిసి తిప్పడం చూశాను. ఇరవై నిమిషాలు. తరవాత ఆమె వీపు కనబడింది, లోపలికి వెళ్తూ.

తిరుగు దారిలో బాబ్జీ, "రేపు మోటారు సూడ్డానికి రానేటి?" అన్నాడు.

"మోటారు బాగానే ఉంది," అన్నాను. "ఊరికే రా."

మార్చి 15

ఫోన్లలో నెట్ పూర్తిగా తీసేశారు. ఊరి అవతల చాలామంది పోయారని చెప్పుకుంటున్నారు. బాబ్జీ వచ్చాడు. మూడో రోజు వరసగా.

మార్చి 17. బుధవారం

తామ్వేలో బాబ్జీ వాళ్ళ పక్కింట్లో తీగ వేసిన నెట్ ఇంకా ఉంది. అక్కడికెళ్తే నిస్రీన్ రికార్డు చేసి పంపిన గొంతు మూడు ముక్కలుగా వచ్చింది.

అమ్మాన్‌లో దిగింది. అక్కణ్ణుంచి వాళ్ళ దేశంలోకి దాటే వంతెన దగ్గర ఏడు గంటలు కూర్చోబెట్టి యాంగూన్‌లో ఏడాదిపాటు ఏం చేశావని అడిగారట. ఎండుచేపలు ఎలా నిలవ చేస్తారో వివరంగా చెప్పిందట. ఇల్లు చేరింది. "నువ్వు నా విమానం దాచేశావని శిబిరంలో అందరికీ చెప్పాను. మా అమ్మ నీ మీద మండిపడింది. తరవాత, ఆ పిల్ల వంట బాగా చేస్తుందా అని అడిగింది. కోపం పోయిందని అనుకోకు, మా మార్గరెట్. పోతే నేనే చెబుతాను. నువ్వు మాత్రం నా అమ్మమ్మ కవితే ఇంకా ఎన్నాళ్ళు చెబుతావు? నీకూ ఒక నోరుంది."

పదకొండుసార్లు విన్నాను. పక్కింటివాళ్ళు లైటు తీసేసి సూచన చేసేదాకా.

మార్చి 19. శుక్రవారం

వీధుల్లో ఇప్పుడు నలుగురు గుమిగూడితే కాలుస్తున్నారు. అందుకని మధ్యాహ్నం మా మెట్ల మీద కూర్చున్నాం, మేడలో ఉన్న ఆడవాళ్ళం తొమ్మండుగురం, మెట్టుకొకరు. దా ఖిన్ నన్ను బస్సు కవిత చెప్పమంది.

నేను కొత్తది చెబుతానన్నాను. రెండు రోజులు రవికలు పక్కన పెట్టి అల్లుకున్నది. గట్టిగా అరవడానికి లేదు. జీవితంలో మొదటిసారి మెల్లగా చెప్పాను. "నేనొక మెసేజీ దాచాను. నా స్నేహితురాలు వెళ్ళిపోకూడదని పది రోజులు దాచాను," అని మొదలుపెట్టి, విమానం శబ్దం, తడిబట్టలు, గుమ్మంలో బూట్లు, అన్నీ చెప్పేశాను. ఎక్కడా మంచిదాన్నని చెప్పుకోలేదు.

అయిపోయాక చూస్తే పై మెట్టు మీద అమ్మ తల వంచుకుని కూర్చుంది. నేను చేసింది ఇప్పుడే అమ్మకీ తెలిసింది. నేను లేచి లోపలికి పారిపోదామనుకున్నాను.

"నేను మావాడి చెప్పులు దాచాను," అంది దా ఖిన్. నేల చూస్తూ. "ఇరవై ఎనిమిదో తారీఖున. ఊరేగింపుకి వెళ్ళకుండా, రెండు జతలూ బియ్యం డబ్బాలో."

"నేను మా ఆయన బండి తాళం," అంది ఎదురింటి ఆవిడ. "ఇంకా నా దగ్గరే ఉంది."

"నేను కూతురి కళ్ళజోడు."

ఒక్కొక్కరే చెబుతున్నారు. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. రెండో అంతస్తులో ఉన్న కొత్త కోడలు, పిల్ల గట్టిగా నోరు విప్పిందే ఇవాళ, దా ఖిన్‌ని అడిగింది. "చెప్పులు లేకపోతే ఆగిపోయాడా, ఆంటీ?"

"ఎక్కడ ఆగుతాడు? నావి వేసుకుని వెళ్ళాడు. గులాబీ రంగువి, పైన పూసల పువ్వు."

"తిరిగొచ్చాడా?"

"వాడొచ్చాడు," అంది దా ఖిన్. "చెప్పులు రాలేదు."

ముందు అమ్మే నవ్వింది. తరవాత మెట్లన్నీ నవ్వాయి. చప్పుడు బయటికి పోకూడదని అందరం నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నాం. భుజాలు ఊగుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు లేదు. దా ఖిన్ నా మోకాలి మీద కొట్టి, మొదట్నుంచి మళ్ళీ చెప్పమంది.